విండోస్ 11కి మారేముందు బ్యాకప్: ఫైళ్లు ఎక్కడ పోతాయి, ఎందుకు పోతాయి

సంక్షిప్తంగా: విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో ఇళ్లలోని కంప్యూటర్లు విండోస్ 11 వైపు కదులుతున్నాయి. అప్‌గ్రేడ్ సక్రమంగా సాగితే సొంత ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి. అయినా కొందరి ఫైళ్లు పోతున్నాయి. ఫైలు ఫలానా చోట ఉందని మనిషి అనుకుంటాడు, సిస్టమ్ లెక్కలో అది మరోచోట ఉంటుంది. నష్టం చాలాసార్లు ఈ తేడాలోనే పుడుతుంది. డీ డ్రైవ్, వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ), బిట్‌లాకర్ కీ (డిస్క్‌కు వేసిన తాళం తీసే సంఖ్య), పాత తెలుగు ఫాంట్లు, అన్నిటిలోనూ ఇదే కనిపిస్తుంది.

విండోస్ 10 విడుదలైంది 2015 జూలై 29న. పదేళ్లకు పైగా నడిచిన ఈ వ్యవస్థకు ఇప్పుడు ఉచిత భద్రతా అప్‌డేట్లు మామూలుగా రావు. ఇళ్లలో వాడేవారికి మైక్రోసాఫ్ట్ ఒక ఏడాది గడువు ఇచ్చింది. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాతో సింక్ చేసుకుంటే ఉచితంగా, లేదంటే 1000 రివార్డ్ పాయింట్లతో, అదీ కాకుంటే 30 డాలర్లు కట్టి 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొందవచ్చు. ఆ తర్వాత విండోస్ 11కి మారడమో, కొత్త కంప్యూటర్ కొనడమో, లినక్స్ వేసుకోవడమో తప్పదు.

అప్‌డేటే మానేస్తే పోలేదా అనే వాదన వినిపిస్తుంటుంది. 2017 మే 12న విజృంభించిన వన్నాక్రై రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) దానికి జవాబు. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలో ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. ఆ ప్యాచ్ వేయని కంప్యూటర్లే ప్రపంచమంతటా తాళం పడి కూర్చున్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా ఆ దాడికి గురయ్యాయి. కాబట్టి అప్‌డేట్ చేయాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న కాదు. దానికి ముందు ఏం దాచుకోవాలి, ఎక్కడ దాచుకోవాలి అన్నదే అసలు ప్రశ్న.

అప్‌గ్రేడ్ లోపల జరిగేది

"విండోస్ 11 వేయించాను" అని ఇద్దరు చెప్పినా, వాళ్ల కంప్యూటర్లలో జరిగింది ఒకే పని కాకపోవచ్చు. ఒకటి, ఉన్న విండోస్ మీదే అప్‌గ్రేడ్ చేయడం. ఇందులో ఫైళ్లు, ప్రోగ్రాములు ఉంచాలని ఎంచుకోవచ్చు. రెండోది ఫార్మాట్ కొట్టి కొత్తగా వేయడం. ఇందులో కనీసం సీ డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. సర్వీస్ షాపులో కంప్యూటర్ ఇచ్చేటప్పుడు ఈ రెండింటిలో ఏది చేస్తున్నారో అడగకపోవడం వల్ల పోయే ఫైళ్లకు లెక్కలేదు.

మొదటి రకం అప్‌గ్రేడ్ నాలుగు దశల్లో నడుస్తుంది. విండోస్ మామూలుగా పనిచేస్తుండగానే కొత్త ఫైళ్లు దిగుతాయి, డిస్క్‌లో ఖాళీ ఉందా, డ్రైవర్లు సరిపోతాయా అని తనిఖీ జరుగుతుంది. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక చిన్న రికవరీ వ్యవస్థ ఒకటి లేస్తుంది. పాత విండోస్ ఫోల్డర్‌ను, దాని వెంట ఉన్నవాటిని విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి జరిపి, కొత్తదాన్ని ఆ స్థానంలో పెట్టేది ఈ రెండో దశలోనే. మూడో దశలో డ్రైవర్లు, నాలుగో దశలో ఖాతాలు, సెట్టింగులు కుదురుకుంటాయి.

సొంత ఫొటోలు, డాక్యుమెంట్లు కొత్త వ్యవస్థలోకి చేరే తీరు గమనించదగ్గది. వందల జీబీల ఫైళ్లున్నా అప్‌గ్రేడ్ అంతసేపు పట్టదు, ఎందుకంటే ఆ ఫైళ్లను నిజంగా కాపీ చేయరు. ఒకే పార్టిషన్‌లో (డిస్క్‌లో విడదీసిన ఒక భాగంలో) ఫైలును ఒక ఫోల్డర్ నుంచి మరోదానికి జరిపితే డిస్క్ మీది డేటా కదలదు, ఫైల్ సిస్టమ్ పట్టికలో దాని చిరునామా మాత్రం మారుతుంది. ఈ వేగానికి మరో అర్థం కూడా ఉంది: ఆ ఫైలు మొదలు నుంచి చివరిదాకా ఒకే ఒక్క ప్రతిగా ఉంటుంది. విండోస్.ఓల్డ్ ఉంది కదా, అదే బ్యాకప్ అనుకుంటే పొరపాటు. అది పాత విండోస్‌కు వెనక్కి వెళ్లడానికి ఉంచిన దారి, ఫొటోలకు రెండో ప్రతి కాదు. సిస్టమ్ రిస్టోర్ పాయింట్ సంగతీ అంతే. రిజిస్ట్రీని (విండోస్ సెట్టింగుల పట్టికను), సిస్టమ్ ఫైళ్లను అది వెనక్కి తిప్పుతుంది గానీ, చెరిగిపోయిన పెళ్లి ఫొటోలను తేలేదు.

2018 అక్టోబర్‌లో జరిగింది

అప్‌డేట్ చేతిలోనే ఫైళ్లు పోయిన ఉదంతం ఒకటుంది. దాన్ని వివరంగా చూడటం మేలు.

విండోస్ 10లో 1809 వెర్షన్‌ను మైక్రోసాఫ్ట్ 2018 అక్టోబర్ 2న విడుదల చేసింది. కొద్ది రోజులకే కొందరు తమ డాక్యుమెంట్లు, ఫొటోలు మాయమయ్యాయని చెప్పడంతో ఆ వారమే పంపిణీని ఆపేసింది. లోపం సరిదిద్ది మళ్లీ విడుదల చేసింది నవంబర్ 13న.

కారణం ఇది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్ల చోటును వాడేవాళ్లు మార్చుకోవచ్చు. సీ డ్రైవ్ నిండిపోతోందని డాక్యుమెంట్స్‌ను డీ డ్రైవ్‌కు మళ్లించడం చాలామంది చేసే పనే. అలా మళ్లించాక పాత చోట ఖాళీ ఫోల్డర్ ఒకటి మిగిలిపోతుంది. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు కనిపించి గందరగోళంగా ఉందని ఫిర్యాదులు రావడంతో, 1809లో ఆ పాత ఫోల్డర్లను తొలగించే కోడ్ చేర్చారు. అయితే కొందరు ఫోల్డర్‌ను మళ్లించారే గానీ పాత ఫైళ్లను కొత్త చోటికి జరపలేదు. వన్‌డ్రైవ్ పాత వెర్షన్లు కొన్ని కూడా ఫోల్డర్‌ను మళ్లించి, ఉన్న ఫైళ్లను పాతచోటే వదిలేశాయి. సిస్టమ్ దృష్టిలో అది అక్కర్లేని ఫోల్డర్, మనిషి దృష్టిలో అందులో ఏళ్ల నాటి ఫైళ్లున్నాయి. అప్‌డేట్ ఫోల్డర్‌తో పాటు ఫైళ్లనూ తీసేసింది.

ఫైళ్లు పోయాయని తమకందిన ఫిర్యాదులు 1809 వేసుకున్నవాటిలో పదివేలకు ఒకటి అని మైక్రోసాఫ్ట్ అప్పట్లో చెప్పింది. శాతంగా చూస్తే చాలా చిన్నది. కానీ విడుదలకు ముందే పరీక్షిస్తున్నవారిలో కొందరు ఇదే సమస్యను ఫీడ్‌బ్యాక్ హబ్ అనే మైక్రోసాఫ్ట్ ఫిర్యాదుల యాప్‌లో రాశారు. ఎక్కువమంది ఓటు వేసిన ఫిర్యాదులు పైకి కనిపించే పద్ధతి కావడంతో అవి అడుగున ఉండిపోయాయి. తర్వాత ఫిర్యాదు ఎంత తీవ్రమైనదో చెప్పే వీలును కూడా ఆ సంస్థ చేర్చింది. అరుదుగా వచ్చే, కానీ వస్తే అన్నీ తుడిచిపెట్టే లోపం పరీక్షల్లో దొరక్కుండా తప్పించుకోవడం ఎంత తేలికో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంట్లో ఉండే బ్యాకప్ పని సరిగ్గా అక్కడే.

దీనికి పోలిక మరుసటి ఏడాది ఆపిల్ దగ్గర దొరుకుతుంది. 2019లో మ్యాక్ ఓఎస్ కెటలీనా డిస్క్‌ను రెండు వాల్యూమ్‌లుగా, అంటే భాగాలుగా, విడదీసింది. సిస్టమ్ ఒకదానిలో, అదీ రాయడానికి వీల్లేకుండా. వాడేవారి డేటా మరోదానిలో. ఈ విభజనలో ఎక్కడా ఇమడని ఫైళ్లు తేలినప్పుడు వాటిని తీసేయకుండా రీలొకేటెడ్ ఐటమ్స్ అనే ఫోల్డర్‌లో పోగేసి, దానికి డెస్క్‌టాప్ మీద ఒక లింకు పెట్టింది. గుర్తుపట్టలేని ఫైలును చెరపడం కన్నా పక్కన పెట్టడమే సరైన పద్ధతి. రెండు సంస్థల మధ్య ఈ విషయంలో తేడా చిన్నది కాదు.

డీ డ్రైవ్‌లో పెడితే భద్రమేనా

మన దగ్గర అసెంబుల్డ్ కంప్యూటర్ కొంటే, షాపువాళ్లు ఒకే హార్డ్ డిస్క్‌ను సీ, డీ, ఈ, ఎఫ్ అని ముక్కలు చేసి ఇవ్వడం ఏళ్ల తరబడి ఆనవాయితీ. "ఫార్మాట్ కొట్టినా డీ డ్రైవ్‌కు ఏం కాదు" అన్న మాట అలా స్థిరపడింది. విండోస్ ఎక్స్‌పీ నుంచి 7కి, 7 నుంచి 10కి మారినప్పుడు ఆ మాట చాలావరకు నిజమే అయింది. విండోస్ 11 దగ్గర ఆ నమ్మకం దెబ్బతినే ప్రమాదముంది. ఈ మార్పులో ఇళ్లకు జరిగే నష్టాల్లో పెద్దది ఇదే కావచ్చు.

విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్ (భద్రతా కీలను దాచే చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ వ్యవస్థనే మొదలవనిచ్చే ఏర్పాటు) చేయగల యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ (కంప్యూటర్‌ను లేపే కొత్త తరం ప్రోగ్రామ్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, దాదాపు ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఏఎండీ రైజెన్ 2000 శ్రేణి నుంచి మొదలయ్యే ప్రాసెసర్ కావాలి. ఈ అర్హతలున్న కంప్యూటర్లలో కూడా కొన్నింటిలో విండోస్ 10ను పాత లెగసీ పద్ధతిలో, ఎంబీఆర్ (ఏ పార్టిషన్ ఎక్కడుందో రాసుకునే పాత రకం) పట్టిక ఉన్న డిస్క్ మీద వేసి ఉంటారు. యూఈఎఫ్ఐ పద్ధతిలో విండోస్ బూట్ కావాలంటే ఆ డిస్క్ జీపీటీ అనే కొత్త రకం పట్టికకు మారాలి.

ఫైళ్లు పోకుండా ఈ మార్పు చేసే సాధనం విండోస్ 10లోనే ఉంది, పేరు ఎంబీఆర్ టు జీపీటీ. కానీ దానికి షరతులున్నాయి. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు, ఎక్స్‌టెండెడ్, లాజికల్ పార్టిషన్లు అసలు ఉండకూడదు. ఎంబీఆర్ డిస్క్‌లో మొత్తం నాలుగు ప్రైమరీ పార్టిషన్లకే చోటు. అందుకే డీ, ఈ, ఎఫ్‌లను ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపల లాజికల్ డ్రైవ్‌లుగా చేయడం మామూలే. అలాంటి డిస్క్‌ను ఈ సాధనం తిరస్కరిస్తుంది. అప్పుడు తొందరలో ఉన్న టెక్నీషియన్‌కు దగ్గరి దారి డిస్క్ మొత్తాన్ని తుడిచి, కొత్తగా జీపీటీ చేయడం. సీ డ్రైవ్‌తో పాటు డీ, ఈ, ఎఫ్ అన్నీ పోతాయి.

డిస్కే పాడైతే సరేసరి. ఒకే డిస్క్‌లో రెండు డ్రైవ్‌లంటే ఒకే ఇంట్లో రెండు గదులు. ఇల్లు కూలితే ఏ గదీ మిగలదు. డీ డ్రైవ్‌లో కాపీ పెట్టడం బ్యాకప్ కిందకు రాదు.

32-బిట్ విండోస్ 10 వాడుతున్నవారికి మరో చిక్కు. విండోస్ 11 వచ్చేది 64-బిట్‌లోనే. 32-బిట్ నుంచి 64-బిట్‌కు ఫైళ్లు, ప్రోగ్రాములు ఉంచుకుంటూ అప్‌గ్రేడ్ అయ్యే దారి లేదు, కొత్తగా వేయాల్సిందే. 64-బిట్ డ్రైవర్ లేని పాత ప్రింటర్, స్కానర్ ఆ రోజుతో ఆగిపోతాయి.

తాళం ఉంది, చెవి ఎవరి దగ్గర

ఫైళ్లు డిస్క్ మీద క్షేమంగా ఉండి కూడా చేతికి రాని పరిస్థితి ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా చదవలేని రూపంలోకి డేటాను మార్చడం) వల్ల వస్తుంది. 2024 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, చాలా కంప్యూటర్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ (బిట్‌లాకర్ తాళం) తనంతట తానే ఆన్ అవుతుంది. పాత విండోస్ మీదే అప్‌గ్రేడ్ చేస్తే ఇలా కాదు. కానీ కొన్నప్పుడే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉన్న ల్యాప్‌టాప్‌లు చాలానే ఉన్నాయి, ఆ సంగతి వాడేవారికి తెలియకపోవడమూ మామూలే.

బూట్ ఫైళ్లు, ఫర్మ్‌వేర్ సెట్టింగులు మారితే టీపీఎం చిప్ అనుమానించి తాళం తీయదు. స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. పెద్ద అప్‌డేట్‌లోనే కాదు, నెలవారీ అప్‌డేట్లలోనూ ఇలా జరిగింది. 2024 జూలై భద్రతా అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లు ఈ నీలి స్క్రీన్ దగ్గరే ఆగాయని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ల్యాప్‌టాప్‌ను మొదటిసారి సెటప్ చేసింది షాపు కుర్రాడో, ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్న అల్లుడో అయితే, కీ వాళ్ల ఖాతాలోకి వెళ్లి ఉండవచ్చు. కీ లేకపోతే ఆ డిస్క్‌లో ఉన్నదాన్ని మైక్రోసాఫ్ట్ కూడా తీయలేదు. కాబట్టి అప్‌డేట్‌కు ముందు ఆ 48 అంకెలను కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవడం కూడా బ్యాకప్‌లో భాగమే.

అమెరికాలో ఉన్న పిల్లలు దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ వంటివాటితో ఇక్కడ అమ్మానాన్నల కంప్యూటర్‌ను అప్‌డేట్ చేసే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. ఆ ప్రోగ్రాములు విండోస్ లోపల నడుస్తాయి. రికవరీ దశలోనో, కీ అడిగే స్క్రీన్ దగ్గరో కంప్యూటర్ ఆగితే అక్కడి నుంచి చేయగలిగింది ఏమీ ఉండదు, ఫోన్‌లో చెప్పి టైప్ చేయించడం తప్ప.

వన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ బ్యాకప్ అయినట్టేనా

విండోస్ 11 సెటప్ సమయంలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్‌ను వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ చేయమని అడుగుతుంది, కొన్నిసార్లు అడగకుండానే ఆన్ చేస్తుంది. పేరు బ్యాకప్ అయినా జరిగేది సింక్, అంటే రెండుచోట్లా ఒకేలా ఉంచడం. ఫోల్డర్ కంప్యూటర్‌లో ఉన్న చోటు నుంచి వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి మళ్లుతుంది. అక్కడ చెరిపితే క్లౌడ్‌లోనూ చెరిగిపోతుంది. వ్యక్తిగత ఖాతాల్లో చెరిపిన ఫైలు రీసైకిల్ బిన్‌లో 30 రోజులుంటుంది, ఆ తర్వాత ఉండదు.

ఉచితంగా దొరికేది 5 జీబీ. ఫోన్ కెమెరా నుంచి దించిన వీడియోలు రెండు మూడు చాలు దాన్ని నింపడానికి. నిండాక కొత్త ఫైళ్లు క్లౌడ్‌కు చేరవు, ఆ హెచ్చరికను మూసేసి పనిచేసుకునేవాళ్లే ఎక్కువ. మరో వైపు, డిస్క్‌లో చోటు మిగల్చడానికి కొన్ని ఫైళ్లు క్లౌడ్‌లోనే ఉండి, కంప్యూటర్‌లో పేరు, మేఘం గుర్తు మాత్రమే కనిపిస్తాయి. ఆఫ్‌లైన్‌లో ఉండగా ఆ ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు కాపీ చేయబోతే అవి రావు. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ పనికిరావని దీనర్థం కాదు. ఇల్లు మునిగినా, దొంగలు పడినా మిగిలేది క్లౌడ్‌లోని ప్రతే. అది ఒక్కటే సరిపోదు, అంతే.

ఫైలు ఉంది, తెరుచుకోదు

తెలుగువాళ్ల కంప్యూటర్లకే ప్రత్యేకమైన సమస్య ఒకటి ఇక్కడుంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, చిన్న పత్రికలు, పుస్తకాలు ఏళ్లపాటు అను ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో తయారయ్యాయి. ఇంట్లోనే డీటీపీ పని చేసుకునేవారి దగ్గర ఇప్పటికీ ఆ ఫైళ్లు గుట్టలుగా ఉన్నాయి. అను వంటి ఫాంట్లు యూనికోడ్‌వి (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతివి) కావు. ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు అక్షర రూపాలను కూర్చి చేసినవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. వెతికితే పదం దొరకదు.

ఫాంట్లుండేది విండోస్ ఫోల్డర్ లోపల, లేదంటే యూజర్ ఫోల్డర్‌లో దాగి ఉండే యాప్‌డేటా లోపల. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ మాత్రమే కాపీ చేసుకుని ఫార్మాట్ కొట్టించినవారికి ఫైళ్లు మిగులుతాయి, ఫాంట్లు పోతాయి. పేజ్‌మేకర్ అభివృద్ధిని అడోబీ ఎప్పుడో ఆపేసింది. కొత్త విండోస్ మీద అది నడుస్తుందన్న భరోసా లేదు. కాబట్టి ఫాంట్ ఫైళ్లు, ప్రోగ్రామ్ సెటప్ సీడీ లేదా ఫోల్డర్, లైసెన్సు వివరాలు, కీబోర్డ్ ప్రోగ్రామ్ అన్నీ ఫైళ్ల పక్కనే కాపీ కావాలి. ముఖ్యమైన పుస్తకాలను, కార్డులను ఫాంట్‌తో సహా పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకుంటే కనీసం రూపు మిగులుతుంది. యూనికోడ్‌కు మార్చుకుంటే మాటలు కూడా మిగులుతాయి.

టాలీ లెక్కలదీ ఇదే దారి. వాటి డేటా ఫోల్డర్ చాలాసార్లు డాక్యుమెంట్స్‌లో ఉండదు. సీ డ్రైవ్ మొదట్లోనో, పబ్లిక్ అనే ఫోల్డర్ లోపలో ఉంటుంది. థండర్‌బర్డ్ మెయిళ్లు, బ్రౌజర్ బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డులు యాప్‌డేటాలో ఉంటాయి. కంటికి కనిపించని ఫోల్డర్ కాబట్టి కాపీలో మొదట మరిచిపోయేది కూడా అదే.

ఏ పద్ధతి దేనికి పనికొస్తుంది

ఫైళ్లను నేరుగా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయడం అన్నిటికన్నా సులువు. ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటాయి, ప్రత్యేక ప్రోగ్రామ్ అక్కర్లేదు. దాని బలహీనత, ఏ ఫోల్డర్లు తీసుకోవాలో మనిషి గుర్తుపెట్టుకోవడం మీద ఆధారపడటం. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ ఈ పనిని వేళకు తనే చేస్తుంది, పాత ప్రతులనూ దాస్తుంది. కానీ అది చూసేది డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి లైబ్రరీలనే. డీ డ్రైవ్‌లో వేరే ఫోల్డర్ చేసుకుని ఉంటే, చేర్చమని చెప్పనిదే దాని జోలికి పోదు.

డిస్క్ మొత్తాన్ని ఒకే ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, తీయడం మరో పద్ధతి. క్లోన్‌జిల్లా వంటి ఉచిత సాధనాలు ఇది చేస్తాయి. ఎక్కడో దాగిన ఫాంట్లు, టాలీ డేటా, బ్రౌజర్ పాస్‌వర్డులు అన్నీ అందులో వచ్చేస్తాయి. అప్‌గ్రేడ్ చెడితే కంప్యూటర్‌ను ముందురోజు ఉన్నట్టే నిలబెట్టవచ్చు. పెద్ద అప్‌డేట్‌కు ముందు చేయదగ్గ పని ఇదే. అయితే ఇమేజ్‌లోంచి ఒక్క ఫొటో తీయడం కష్టం, డిస్క్‌లో చోటు కూడా ఎక్కువే కావాలి. అందుకే ముఖ్యమైన ఫైళ్లకు మామూలు కాపీ, దానికి తోడు ఇమేజ్, రెండూ ఉంటే టెన్షన్ తగ్గుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు ఎక్కదు, పెద్ద వీడియోల దగ్గర కాపీ ఆగిపోయేది ఇందుకే.

మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ, ఒకటి ఇంటి బయట అన్న లెక్కను ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చారు. ఇంటి కంప్యూటర్‌కు దీన్ని అన్వయిస్తే కంప్యూటర్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో బంధువుల ఇంట్లోనో ఒకటి. అన్ని ఫైళ్లకూ మూడు ప్రతులు అక్కర్లేదు. డౌన్‌లోడ్ చేసిన సినిమాలు పోతే మళ్లీ వస్తాయి. చనిపోయినవారి ఫొటోలు, పొలం పత్రాల స్కాన్లు రావు.

కాపీ పూర్తయ్యాక, అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందు ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను కంప్యూటర్ నుంచి తీసేయాలి. 2019లో విండోస్ 10 1903 వెర్షన్ విడుదలప్పుడు యూఎస్‌బీ డిస్క్ లేదా మెమొరీ కార్డు తగిలించి ఉన్న కంప్యూటర్లలో డ్రైవ్ అక్షరాలు తారుమారవుతాయని తేలి, వాటికి అప్‌గ్రేడ్‌ను మైక్రోసాఫ్టే అడ్డుకుంది. ఫార్మాట్ చేసేటప్పుడు పొరపాటున బ్యాకప్ డిస్క్‌నే ఎంచుకునే ప్రమాదం కూడా తీసేస్తే ఉండదు.

తెరిచి చూడని కాపీ

బ్యాకప్ ఉందనుకోవడానికీ, అది పనిచేయడానికీ మధ్య దూరం ఎంతుంటుందో గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ అనుభవం చూపింది. 2017 జనవరి 31న ఆ సంస్థ ఇంజినీర్ ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశారు. ఐదు రకాల బ్యాకప్, రెప్లికేషన్ (మరో సర్వర్‌లో నకలు ఉంచడం) ఏర్పాట్లున్నాయి, ఏదీ అనుకున్నట్టు పనిచేయలేదు. రోజూ తీస్తున్నామనుకున్న డేటాబేస్ కాపీ సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల చాలాకాలంగా తయారే కావడం లేదు, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లూ చేరలేదు. అదృష్టవశాత్తు సుమారు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్న డేటా నకలు) దొరికింది. కంప్యూటర్లే వృత్తిగా ఉన్నవారికే ఇలా అయితే, ఇంట్లో తెరిచి చూడని డిస్క్ మీద భరోసా పెట్టుకోవడం ఎంతవరకు సబబు?

ఇంటి స్థాయిలో పరీక్ష కష్టమేమీ కాదు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు పెట్టి, పాత సంవత్సరాల ఫోల్డర్ల నుంచి కొన్ని ఫొటోలు, ఒక పెద్ద వీడియో, ఒక అను ఫైలు, ఒక టాలీ బ్యాకప్ తెరవాలి. అసలు ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో, కాపీలోనూ అన్నే ఉన్నాయా అని ప్రాపర్టీస్‌లో చూడాలి. వేరే కంప్యూటర్‌లో చూడమనడానికి కారణముంది: అదే కంప్యూటర్‌లో తెరిస్తే ఫాంట్ లేని లోటు, పాస్‌వర్డ్ లేని లోటు బయటపడవు.

అప్‌గ్రేడ్ తర్వాతి పది రోజులు

కొత్త విండోస్ నచ్చకపోతే, సరిగ్గా నడవకపోతే వెనక్కి వెళ్లే గడువు మొదట్లో నెల రోజులుండేది. 2016లో దాన్ని 10 రోజులకు తగ్గించారు. కమాండ్ ద్వారా 60 రోజుల వరకు పెంచుకోవచ్చు, కానీ గడువు ముగియకముందే ఆ పని చేయాలి. గడువు దాటాక విండోస్.ఓల్డ్ దానంతట అదే చెరిగిపోతుంది. డిస్క్ క్లీనప్‌లో తొందరపడి టిక్ పెడితే ఇంకా ముందే పోతుంది.

ఈ పది రోజుల్లో చూడాల్సినవి రోజూ తెరిచే ఫైళ్లు కావు, అవి ఎలాగూ కంటపడతాయి. ఏడాదికోసారి తెరిచేవి చూడాలి: ఇన్‌కమ్ ట్యాక్స్ పత్రాలు, డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్, పాత ప్రింటర్, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, అప్పుడెప్పుడో చేసిన పుస్తకం పేజీలు. వెనక్కి వెళ్లాల్సి వస్తే అప్‌గ్రేడ్ తర్వాత వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి కాబట్టి, తనిఖీ ముగిసేదాకా కొత్తవి వేసుకోకపోవడం మంచిది. బ్యాకప్ డిస్క్‌ను వేరే పనికి వాడుకోవడం, దాని మీద కొత్త ఫైళ్లు రాయడం కూడా ఈ తనిఖీ పూర్తయ్యాకే.